మన గోలీ వెనక నిలబడేవాళ్లకి

అందరికీ నమస్కారం.

ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. మన డెల్టాలో కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ అయ్యాకే ఫుట్‌బాల్. దాళ్వా కోతలయ్యాక చేలల్లో, నీళ్లు తగ్గాక గోదావరి ఇసుకతిన్నెల మీద, వెదురు కర్రలు పాతి గోల్‌పోస్టులనుకుని ఆడినవాళ్లం. అలాంటి చోట ఈవేళ ఫైనల్ చూడ్డానికి ఇంతమంది వచ్చారంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

కానీ నిన్న సెమీఫైనల్లో విన్నది రాత్రంతా చెవుల్లోనే ఉంది. మనం ఒక గోల్ వెనకబడగానే ఊళలు మొదలయ్యాయి. అవతలి ఊరివాళ్లు కాదు, కాలవగట్టు మీద కూర్చున్న మనవాళ్లే. ఆఖరికి గెలిచాం కాబట్టి అందరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేకపోవడానికి ఒక కుర్రాడు కారణం.

చాలా ఏళ్ల కిందటి మాట. నా స్కూల్ జట్టులో తొమ్మిదో తరగతి కుర్రాడు గోలీ, అదే గోల్‌కీపర్. చురుకైనవాడు, గాల్లో బంతిని చక్కగా అందుకునేవాడు. ఒక మ్యాచ్‌లో తేలికైన బంతి చేతుల్లోంచి జారి గోల్ అయింది. పోస్టు వెనక మన ఊరివాళ్లే నిలబడి ఉన్నారు. "ఏరా, చేతులకి వెన్న రాసుకొచ్చావా?" అని ఒకరన్నారు. అందరూ నవ్వారు. అక్కణ్ణుంచి వాడు బంతి ముట్టుకున్న ప్రతిసారీ ఊళే. రెండో సగంలో కార్నర్ నుంచి ఒక బంతి ఎత్తుగా వచ్చింది. రెండడుగులు ముందుకేసి పట్టాల్సిన బంతి. రోజూ పట్టే బంతి. వాడు గీత మీదనుంచి కదల్లేదు. అవతలివాడు తలతో కొట్టాడు, గోల్.

తర్వాత అడిగితే, "బయటికొచ్చి పట్టలేకపోతే మళ్లీ అంటారు కదండీ మాస్టారూ" అన్నాడు. మర్నాడు గ్లౌజులు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఆడలేదు. ఆ రోజు పోస్టు వెనక్కి వెళ్లి ఆ పెద్దమనుషులతో ఒక్క మాట అనలేకపోయాను. ఆ మాటే ఇవాళ మీతో అంటున్నాను.

ఊళకి ఆటగాడిలో పౌరుషం పుడుతుందని చాలామంది నమ్మకం. కొందరికి పుడుతుందేమో. నేను చూసినవాళ్లలో ఎక్కువమందికి భయం పుట్టింది. ఫుట్‌బాల్‌లో దాక్కోవడం చాలా తేలిక. తొంభై నిమిషాల్లో ఒక్కో ఆటగాడి కాలి దగ్గర బంతి ఉండేది కొద్ది నిమిషాలే. మిగతా సమయమంతా ఎక్కడ నిలబడతాడన్నదే ఆట. భయపడినవాడు అవతలి ఆటగాడి వెనక నిలబడతాడు, పాస్ అందని చోట. పరిగెడుతున్నట్టే ఉంటాడు, బంతి మాత్రం అడగడు. ఇచ్చినా వెంటనే వెనక్కి తోసేస్తాడు. దానికి మళ్లీ ఊళ. ఈసారి గోలీ కంగారుపడి దిక్కూ మొక్కూ లేకుండా బంతిని దూరంగా తంతాడు, అది అవతలివాళ్లకి దొరుకుతుంది. ఏ ఆట చూసి మనకి కోపం వచ్చిందో, ఆ ఆటనే మన ఊళలు ఇంకాస్త ఆడిస్తాయి.

1950లో ప్రపంచకప్ ఆఖరి మ్యాచ్ రియోలోని మరకానా స్టేడియంలో జరిగింది. డ్రా అయినా కప్పు బ్రెజిల్‌దే. ఉరుగ్వే 2-1తో గెలిచింది. ఉరుగ్వే మొదటి గోల్‌కి గిగ్గియా పక్కనుంచి బంతిని మధ్యలోకి ఇచ్చాడు. రెండోసారీ అదే చేస్తాడని బ్రెజిల్ గోలీ బార్బోసా ఒక అడుగు అటు వేశాడు. గిగ్గియా నేరుగా దగ్గరి పోస్టు వైపు కొట్టేశాడు. బార్బోసా చేసింది ఆటని చదవడం, అంతే. కానీ దేశం ఆయన్ని వదల్లేదు. మా దేశంలో నేరానికి పెద్ద శిక్ష ముప్పై ఏళ్లే, నేను యాభై ఏళ్లుగా అనుభవిస్తున్నాను అని చెప్పుకున్నాడు. 2000లో పోయేదాకా ఆ ఒక్క గోలే ఆయన పేరైపోయింది.

మన కళ్లముందు జరిగింది కూడా ఉంది. 2024 ఐపీఎల్‌లో హార్దిక్ పాండ్యాని ముంబై వాంఖడే స్టేడియంలో సొంత జట్టు ముంబై ఇండియన్స్ అభిమానులే గేలి చేశారు. రోహిత్ శర్మ స్థానంలో ఆయన్ని కెప్టెన్ని చేసింది యాజమాన్యం, మాటలు పడింది మైదానంలో ఉన్నవాడు. అదే జూన్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ ఆఖరి ఓవర్ వేసి గెలిపించింది ఆయనే. కొన్ని రోజులకే అదే వాంఖడే ఆయన పేరు మార్మోగించింది. ఆ చప్పట్లు చూసి నాకు సంతోషం కంటే బాధే ఎక్కువ కలిగింది. ప్రపంచకప్ గెలిపిస్తేనే తప్ప దొరకని క్షమాపణ, మన గోలీ కుర్రాడికి ఎప్పుడు దొరుకుతుంది?

"టికెట్ కొన్నాం, ఆమాత్రం అడగకూడదా" అంటారు. అడగాలి. ఎవరిని, ఎప్పుడు అన్నదే నా మాట. మన కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకర్‌గా చేసిన బాలయోగి గారి పేరున్న గచ్చిబౌలి స్టేడియం అప్పట్లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఫుట్‌బాల్ జట్టుకి సొంత మైదానం. 2022లో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన జట్టు, 2023-24లో ఆఖరి స్థానానికి పడిపోయింది. జీతాల గొడవల్లో పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోతే కుర్రాళ్లతో నెట్టుకొచ్చారు. అక్కడ కోపం ఎవరి మీద రావాలి? ఓడుతున్న ఆ కుర్రాళ్ల మీదా?

2016 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు చేసింది చూడండి. కొన్ని సీట్ల టికెట్ 77 పౌండ్లు చేస్తామన్నారని, 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. ఆటగాళ్లని ఒక్క మాట అనలేదు. కొద్ది రోజుల్లోనే యాజమాన్యం వెనక్కి తగ్గింది. ఐతే ఇంకొకటీ జరిగింది. వాళ్లు లేచేటప్పటికి జట్టు 2-0తో ముందుంది, ఆట 2-2తో ముగిసింది. జనం వెళ్లిపోవడం వల్లే అని నేను అనను. కానీ ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఖాళీ అయిన ఆ సీట్లే కళ్లకి కడతాయి.

సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ, అప్పటి మన దేశ ఫుట్‌బాల్ కెప్టెన్, 2018లో వీడియో పెట్టి, మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ స్టేడియానికి రండి అని వేడుకున్నాడు. అంతకుముందు ముంబైలో మన దేశం మ్యాచ్‌కి వచ్చింది 2,569 మంది. వీడియో తర్వాతి మ్యాచ్‌కి టికెట్లన్నీ అయిపోయాయి. ఛెత్రీయే తిట్టమన్నాడు కదా అని మీరు అనొచ్చు. ఎవరూ రాని చోట నిలబడి ఆడినవాడి మాట అది. అందులో నాకు వినిపించింది తిట్టమన్న మాట కాదు, రమ్మన్న పిలుపు.

పందెం గురించి కూడా చెప్పాలి. ఈ మధ్య ఊళ్లో ఆటల మీద ఫోన్లలో డబ్బులు పెడుతున్నారు. డబ్బు పెట్టినవాడికి మైదానంలో మన పిల్లాడు కనిపించడు, బరిలో పుంజు కనిపిస్తుంది. నిన్నటి ఊళల్లో కొన్ని అలాంటివేనని నా అనుమానం.

మన తాతలకి ఆట చూడ్డం తెలుసు. పద్యనాటకానికి తెల్లవార్లూ కూర్చునేవాళ్లు. పద్యం నచ్చితే వన్స్‌మోర్. నటుడికి పద్యం మధ్యలో తడబడితే హార్మోనియం ఆయన శ్రుతి పట్టి నిలబెట్టేవాడు, ముందు వరసలో పద్యం వచ్చిన ముసలాయన పెదవులు కదిపి అందించేవాడు. మర్నాడు అరుగు మీద కూర్చుని ఆ నటుణ్ణి ఏకిపారేసేవాళ్లు, అదీ నిజమే. కానీ పద్యం సాగుతున్నంతసేపూ అతను వాళ్ల మనిషి.

మూడున్నరకి ఆట. మొదటి సగం మన గోలీ కాలవ వైపు పోస్టులో ఉంటాడు. నేనూ అక్కడే కూర్చుంటాను, పోస్టు వెనక చోటుంది, రండి. వాడి పేరు మీ అందరికీ తెలుసు. మొన్ననే పదో తరగతి పరీక్షలు రాశాడు. బంతి చేతుల్లోంచి జారితే జారుతుంది. జారిన వెంటనే ఏం అరవాలో ఇప్పుడే అనుకుని రండి.