మూడు వేల ఫ్యాను గిట్టుబాటేనా? నా కరెంటు బిల్లుతోనే లెక్క చూద్దాం

నమస్తే అండి. ఇదిగో, నా చేతిలో ఉన్నది బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో తిరిగే బ్రష్‌లెస్ మోటారుది, 3,100 పెట్టి కొన్నాను. స్పాన్సర్ ఎవరూ లేరు, జేబులో డబ్బే. ఇదే సైజు మామూలు ఫ్యాను అదే షాపులో 1,700. అంటే 1,400 ఎక్కువ పెట్టాను, ఆ 1,400 వెనక్కి వస్తాయా రావా అన్నదే ఈ వీడియో.

డబ్బా విప్పగానే మా అమ్మ చేత్తో ఎత్తి చూసి, "ఏంరా, మూడు వేలు పెట్టి గింత తేలికది తెచ్చినవ్, నిలుస్తదా ఇది?" అంది. నవ్వకండి, హనుమకొండలో స్టీలు సామాన్ల షాపుకెళ్తే ఆవిడ గిన్నె మెరుపు చూడదు, కిలో ఎంత అని అడిగి తూకం వేయిస్తుంది. గిన్నెకు ఆ లెక్క కరెక్టే, బరువుంటే లోహం ఎక్కువున్నట్టే కదా. ఫ్యానుకు మాత్రం అది పనికిరాదు. అలాగని నేనేదో తెలివైనవాణ్ణి అనుకోకండి, నేను పడిపోయింది ఇంకో దానికి: ఎమ్మార్పీ 5,200 అని రాసి, దాని మీద గీత కొట్టి, పక్కన 3,100 అని పెట్టారు. రెండు వేలు మిగిలాయని సంబరపడి ఇంటికొచ్చాక అర్థమైంది, ఆ 5,200కు ఈ ఫ్యానును ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా అసలు? ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని మాత్రమే, సరుకు విలువ అంత అని కాదు.

సరే, మీటర్ పెట్టి చూద్దాం. ఇది పాత ఫ్యాను, ఫుల్ స్పీడ్... 74 వాట్లు. ఇప్పుడు కొత్తది, ఫుల్ స్పీడ్... 31. తేడా 43 వాట్లు. గాలి విషయానికొస్తే, కింద కూర్చుంటే నాకైతే పెద్ద తేడా తెలియలేదు.

మా హాల్లో ఫ్యాను రోజుకు 14 గంటలు తిరుగుతుంది. వెయ్యి వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్ కాబట్టి, 43 వాట్లు ఇంటూ 14 గంటలు అంటే రోజుకు 0.6 యూనిట్, నెలకు 18 యూనిట్లు. ఇదే ఫ్యాను చుట్టాలొస్తే తప్ప తెరవని గదిలో పెట్టామనుకోండి, రోజుకు సగటున గంట తిరిగినా నెలకు 1.3 యూనిట్లే మిగులుతాయి. యూనిట్ 7.70 చొప్పున వేసినా పది రూపాయలు. 1,400 రావడానికి దగ్గర దగ్గర పన్నెండేళ్లు. అదే కంపెనీ, అదే మోడల్, గది మారితే అది దండగ.

ఇప్పుడు అసలు మజా స్లాబులో ఉంది, ఇది ఏ రివ్యూలోనూ చెప్పరు. నా తెలంగాణ బిల్లు మీదున్న రేట్లు చెప్తాను. వంద దాటి 200 యూనిట్ల లోపైతే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80. 200 దాటిందా, మొదటి 200 యూనిట్లకే రేటు 5.10 అయిపోతుంది, ఆపైన 300 వరకు 7.70. మా ఇంట్లో ఏప్రిల్‌లో 225 వచ్చాయి, ఎనర్జీ ఛార్జీలే 1,212. హాల్లో ఒకటి, బెడ్రూంలో ఒకటి మారిస్తే, బెడ్రూంది రోజుకు పది గంటలు వేసుకున్నా, మొత్తం 31 యూనిట్లు తగ్గి 194కి వస్తాం. అప్పుడు 791. అంటే నెలకు 421 మిగులు! రెండు ఫ్యాన్లకు ఎక్కువ పెట్టిన 2,800 ఏడు ఎండాకాలం నెలల్లో వచ్చేస్తుంది. చలికాలం ఎవరూ ఫ్యాను వేయరు కాబట్టి ఏడాదిన్నర అనుకోండి. ఒక్కటే మార్చి ఉంటే 207 దగ్గర ఆగిపోయేవాళ్లం, స్లాబు దాటి కిందికి రాకపోతే ఆ లాభం సగం కూడా లేదు.

ఇంకో సంగతి. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తున్న ఇల్లు మీదైతే, నెలకు 120 వాడేవాళ్లకు ఈ ఫ్యాను వల్ల ఒక్క రూపాయి కూడా మిగలదు, ఎందుకంటే బిల్లే లేదు. 210 దగ్గర ఊగుతున్నవాళ్లకైతే మాత్రం ఇంతకంటే మంచి బేరం లేదు. కిరాయికుండి, ఓనర్ బిల్లు కూడా రెంట్‌లోనే కలిపేస్తుంటే? మీరు కొని ఓనర్‌కు లాభం చేసినట్టు.

మైనస్సులు లేవా అంటే ఉన్నాయి. మామూలు ఫ్యాను నెమ్మదిస్తే మన వీధి ఎలక్ట్రీషియన్ వచ్చి కండెన్సర్ మార్చి పోతాడు, వంద కూడా కాదు సామాను. దీంట్లో మోటారును నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోతే అతను చేతులెత్తేస్తాడు. నా ఫ్రెండ్ ఒకడికి వేరే కంపెనీది వారంటీ అయిపోయిన రెండో నెలలోనే బోర్డు పోయి 900 అయింది, అదీ మనిషి రావడానికి పది రోజులు, మే నెలలో! కాబట్టి స్టార్లు చూడండి, అంతకంటే ముందు మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో, బోర్డు మీద వారంటీ ఎన్నేళ్లో అడగండి. 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ సీలింగ్ ఫ్యాన్లన్నిటికీ తప్పనిసరి కాబట్టి అది ఉండటం ఇప్పుడు గొప్పేం కాదు, ఎన్ని స్టార్లన్నదే చూడాలి. ఇక రిమోట్ అంటారా, మా ఇంట్లో రోజుకోసారి సోఫా కింద వెతుకుతున్నాం.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇంకో ప్లస్, బ్యాటరీ మీద సగం కంటే తక్కువ లోడు పడుతుంది కాబట్టి కరెంటు పోయినప్పుడు ఎక్కువసేపు లాగుతుంది.

నేను హాలుకు, బెడ్రూంకు ఉంచేశాను, చుట్టాల గదికి పాతదే. విప్పిన రెండో పాత ఫ్యానును పాత ఇనుమువాడు 150కి అడిగాడట, అమ్మ ఇవ్వకుండా అటకెక్కించింది. "గీ బరువుకు నూటయాభయ్యా? నీ వీడియో లెక్కల నా ఫ్యాన్ పైసలు గుడ కలుపు" అంది. కలపలేదమ్మా, సారీ.