ముందు ఫోన్ నంబరు మార్చుకోండి

(చదువుల కోసం అమెరికా వెళ్తున్న విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఏర్పాటు చేసిన సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వీసా ఇంటర్వ్యూ గురించి, బ్యాంకు లోన్ గురించి, సూట్‌కేసులో ఆవకాయ కారిపోకుండా ఎలా సర్దాలన్నదాని గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు చెప్పేశారు. నాకు మిగిలింది చివరి ఇరవై నిమిషాలు. వెనకనుంచి టీ వాసన కూడా వస్తోంది. అందుకని ఒక్క విషయమే మాట్లాడతాను. క్యాంపస్‌లో ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు యూనివర్సిటీ నుంచి మీ ఫోన్‌కు వచ్చే అలర్ట్ మెసేజ్ గురించి.

నేను అక్కడ ఒక యూనివర్సిటీలో ఐటీ ఉద్యోగం చేశాను. ఈ అలర్టులు పంపే వ్యవస్థను చూసుకునే నలుగురిలో నేనొకణ్ణి. ఒకరోజు మధ్యాహ్నం మూడున్నరకు కెమిస్ట్రీ బిల్డింగ్ దగ్గర గ్యాస్ లీకైంది. "ఆ వైపు వెళ్ళకండి" అని మెసేజ్ పంపాం. అయిదు నిమిషాలు గడిచాయో లేదో, హెల్ప్‌డెస్క్ వాళ్ళు ఒక కాల్ నాకు కలిపారు. "ఏదో భాష మాట్లాడుతున్నారు, నీదేమో చూడు" అన్నారు. ఖమ్మం నుంచి ఒక పెద్దాయన. అక్కడ అర్ధరాత్రి దాటి రెండవుతోంది. "బాబూ, నాకు గ్యాస్ లీకైందని మెసేజ్ వచ్చింది. మావాడికి ఈ టైములో అక్కడే క్లాసుంటుంది. ఫోన్ ఎత్తడం లేదు" అన్నారు. గొంతు వణుకుతోంది.

ఆ అబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ బిల్డింగ్ వైపే నడిచి వెళ్తున్నాడు. పోలీసులు కట్టిన పసుపు టేపు దగ్గర ఆపేస్తే గానీ అతనికి సంగతి తెలియలేదు. అతని ఫోన్‌కు మెసేజే రాలేదు. ఎందుకంటే అప్లికేషన్ నింపిన రోజు మొబైల్ నంబరు అన్నచోట నాన్నగారి నంబరు రాశారు. అక్కడికి వెళ్ళాక కొత్త సిమ్ తీసుకున్నాడు, ఫ్రెండ్స్ అందరికీ నంబరిచ్చాడు, పిజ్జా షాపుకీ ఇచ్చాడు. యూనివర్సిటీ పోర్టల్‌లో మాత్రం మార్చలేదు.

అలర్ట్ వ్యవస్థ అనగానే సైరన్లు, సర్వర్లు, శాటిలైట్లు అనుకుంటాం. నేను చూసినంతలో యంత్రం ఆలస్యం చేసింది తక్కువ. ఆలస్యమంతా రెండు చోట్ల ఉంటుంది: పంపాల్సిన మనిషి దగ్గర, అందుకోవాల్సిన మనిషి దగ్గర. మొదటిదానికి మీరు చేయగలిగింది లేదు కానీ తెలుసుకుంటే మంచిది.

2007 ఏప్రిల్ 16, వర్జీనియా టెక్. ఉదయం ఏడుంపావు ప్రాంతంలో ఒక హాస్టల్లో ఇద్దర్ని కాల్చారు. పోలీసులు వచ్చారు. ఇది ఆ ఇద్దరికి సంబంధించిన వ్యక్తిగత గొడవ అనుకున్నారు, కాల్చినవాడు క్యాంపస్ దాటి వెళ్ళిపోయి ఉంటాడనుకున్నారు. యూనివర్సిటీ పెద్దలు కూర్చుని ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి అని చర్చించారు. క్యాంపస్ పోలీసులకు సొంతంగా మెసేజ్ పంపే వీలే లేదు. మొదటి ఈమెయిల్ వెళ్ళేసరికి 9:26. అంటే రెండు గంటల పైమాటే. అందులో కూడా "కాల్పుల ఘటన జరిగింది, జాగ్రత్తగా ఉండండి" అని ఉంది తప్ప, ఇద్దరు చనిపోయారన్న మాట గానీ, కాల్చినవాడు దొరకలేదన్న మాట గానీ లేదు. 9:40కి అదే మనిషి నారిస్ హాల్ అనే క్లాసుల బిల్డింగ్‌లో కాల్పులు మొదలుపెట్టాడు. "తుపాకీతో ఒకడు తిరుగుతున్నాడు, లోపలే ఉండండి" అన్న మెయిల్ 9:50కి వచ్చింది. అప్పటికి అంతా అయిపోవచ్చింది. ఆ రోజు మొత్తం 32 మందిని చంపాడు. వారిలో తమిళనాడు నుంచి వెళ్ళి అక్కడ సివిల్ ఇంజినీరింగ్ చెబుతున్న ప్రొఫెసర్ లోగనాథన్ ఒకరు. క్లాసు చెబుతుండగానే పోయారు.

మెయిల్ ఎనిమిదింటికి వెళ్ళి ఉంటే ఎంతమంది బతికేవారని నన్ను అడగకండి. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ రెండు గంటలూ మింగింది సాఫ్ట్‌వేర్ కాదు. "అనవసరంగా భయపెడతామేమో" అన్న సంకోచం. ఇంట్లో చెడువార్త చెప్పాల్సినప్పుడు మనమూ అంతే కదా, నాన్చుతాం.

అమెరికాలో దీనికొక చట్టముంది. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే పంతొమ్మిదేళ్ళ అమ్మాయిని హాస్టల్ గదిలోనే చంపారు. ఆమె తల్లిదండ్రులు పట్టుబట్టి పోరాడితే 1990లో క్లెరీ చట్టం వచ్చింది. క్యాంపస్‌లో జరిగే నేరాల లెక్కలు కాలేజీలు బయటపెట్టాలన్నది అందులో ముఖ్యం. వర్జీనియా టెక్ తర్వాత 2008లో దానికి సవరణ చేశారు. ప్రమాదం నిజమేనని తేలగానే ఆలస్యం లేకుండా అలర్ట్ పంపాలి, ఏడాదికి ఒక్కసారైనా వ్యవస్థను పరీక్షించాలి. మీరు వెళ్ళిన కొత్తలో "ఇది టెస్ట్ మాత్రమే" అని ఒక మెసేజ్ వస్తుంది. విసుక్కోకండి. అది రాకపోతేనే కంగారు పడాలి.

ఇప్పుడు మెసేజ్ ఎలా ఉంటుందో చూద్దాం. 2016 నవంబర్ 28న ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పంపిన అలర్ట్‌లో నాలుగే ముక్కలు: క్యాంపస్‌లో కాల్పులు జరుపుతున్న వ్యక్తి ఉన్నాడు. పరుగెత్తండి, దాక్కోండి, ఎదిరించండి. వాట్స్ హాల్. ఏ రెండు వీధులు కలిసే చోటో ఆ పేర్లు. అంతే. నమస్కారాలు లేవు, "మీ భద్రతే మాకు ముఖ్యం" లేదు. తమాషా ఏమిటంటే అందులో ఒక తప్పుంది. దాడి చేసినవాడి దగ్గర తుపాకీ లేదు, కారుతో గుద్ది, కత్తితో పొడిచాడు. వినిపించిన కాల్పులు అతన్ని ఆపిన పోలీసువి. అయినా నా దృష్టిలో అది మంచి మెసేజే. ఏ ఆయుధమో తేలేదాకా ఆగి ఉంటే మళ్ళీ 2007కి వెళ్ళేవాళ్ళం.

తొందరలో ఘోరమైన తప్పులూ జరుగుతాయి. 2018 జనవరిలో హవాయి రాష్ట్రమంతటా ఫోన్లకు "క్షిపణి వస్తోంది, ఇది డ్రిల్ కాదు" అని వచ్చింది. ఏ క్షిపణీ లేదు. అది తప్పని ఫోన్లకు మళ్ళీ మెసేజ్ పంపడానికి 38 నిమిషాలు పట్టింది! పంపడం ఎలాగో నేర్చుకున్నారు, వెనక్కి తీసుకోవడం ఎలాగో ముందే రాసి పెట్టుకోలేదు.

హవాయిలో వచ్చిన మెసేజూ, టోర్నడో (పెద్ద సుడిగాలి) వచ్చేటప్పుడు పెద్ద మోతతో వచ్చే మెసేజూ వేరే రకం. అది సెల్ టవర్ నుంచి ఆ ప్రాంతంలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి వెళ్తుంది, నంబరుతో పనిలేదు. 2023లో మన ఫోన్లు కూడా ఒక్కసారిగా బీప్‌మని అరిచాయి గుర్తుందా, కేంద్ర ప్రభుత్వం పరీక్షగా పంపింది? అదే పద్ధతి. నేను అప్పుడు సెలవు మీద వచ్చి బస్సులో ఉన్నాను. బస్సు మొత్తం ఒకేసారి మోగేసరికి కండక్టర్ ఉలిక్కిపడి చేతిలో చిల్లర పారేసుకున్నాడు. క్యాంపస్ మెసేజ్ అలా కాదు. లిస్టులో ఏ నంబరుంటే దానికే వెళ్తుంది. మన ఖమ్మం కథంతా అక్కడే ఉంది.

పిల్లలూ, అందుకే చెబుతున్నా. కొత్త సిమ్ వేసుకున్న రోజే, రూముకు పరుపు కొనకముందే, పోర్టల్‌లోకి వెళ్ళి నంబరు మార్చండి. మెసేజ్ రాగానే వీడియో తీయడానికి బయటికి పరుగెత్తకండి. నవ్వుతున్నారు గానీ, టోర్నడో సైరన్ మోగితే మనవాళ్ళు ముందు బాల్కనీలోకే వస్తారు. కింది అంతస్తుకు, కిటికీలు లేని గదికి వెళ్ళాలి.

అమ్మలకు, నాన్నలకు ఒక మాట. 2023 ఫిబ్రవరి 13 రాత్రి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో కాల్పులు జరిగి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మొదటి అలర్ట్ రాత్రి 8:31కి వెళ్ళింది. అంటే మనకు 14వ తేదీ ఉదయం ఏడు. మీరు కాఫీ తాగుతూ టీవీ పెట్టే టైము. దాదాపు నాలుగు గంటలు పిల్లలు లైట్లు ఆర్పుకుని, తలుపులకు బల్లలు అడ్డంపెట్టుకుని కూర్చున్నారు. అలాంటప్పుడు మీరు కాల్ చేస్తే ఆ చీకటి గదిలో ఫోన్ మోగుతుంది. కాల్ వద్దండీ. "క్షేమమా?" అని ఒక్క మెసేజ్ పెట్టండి. జవాబు రావడానికి గంట పట్టినా మళ్ళీ మోగించకండి. కష్టమే, నాకు తెలుసు. మా అమ్మ కూడా ఆగలేదు.

ఆ ఖమ్మం పెద్దాయన సంగతి పూర్తి చేసి ముగిస్తాను. మర్నాడు వాళ్ళబ్బాయిని కూర్చోబెట్టి లిస్టులో అతని నంబరు ఎక్కించాం. నాన్నగారికి ఫోన్ చేసి, "మీది తీసేస్తున్నామండీ, ఇక అర్ధరాత్రి నిద్ర చెడదు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తీయకు బాబూ, రెండో నంబరుగా ఉండనీ" అన్నారు. ఉంచాం.