తుఫాన్లు ఎప్పుడూ ఉన్నవే కదా బాబాయ్!

[దృశ్యం: ఆర్కే బీచ్, ఉదయపు నడక. వెనక కురుసుర సబ్‌మెరైన్.]

వ్యాఖ్యానం: "తుఫాన్లు మా తాతల నాటి నుంచీ ఉన్నాయి. ఇదేటి కొత్తా?"

పొద్దున్నే బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వెళ్తే ఈ మాట అనే బాబాయ్ ఒకరైనా తగులుతారు. నిజమే, ఉన్నాయి. 2014 అక్టోబర్ 12న మన విశాఖని ఊడ్చేసిన హుద్‌హుద్ తుఫానుని భూతాపమే పుట్టించిందని నేనూ అనను. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకుంటుంది. తుఫాను పాతదే అనుకున్నా, అందులోంచి కురిసే వాన పాతది కాదు.

[బొమ్మ: వాతావరణం పొరలు]

బాబాయ్ రెండో అస్త్రం సూర్యుడు. ఎండే పెరిగిందట! అలాగైతే కింది గాలితో పాటు పైనున్న స్ట్రాటోస్పియర్ కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. మరి పెరిగిందేమిటి? కింది వేడిని పైకి పోనివ్వకుండా పట్టి ఉంచే కార్బన్ డయాక్సైడ్. 1958లో హవాయిలోని మౌనా లోవాలో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

"సరేలే, నా స్కూటీ ఒక్కటి ఆగితే ఏమవుతుంది?"

ఇక్కడే నాకు చిర్రెత్తుతుంది. ఇప్పటిదాకా మార్పే లేదన్న మనిషి, ఉన్నా మనమేం చేయలేం అంటారు. పట్టిన కుందేలుకి మూడే కాళ్లు!

[దగ్గరి షాట్: పెట్రోలు బంకు, ట్యాంకులో గొట్టం]

లీటరు పెట్రోలు బరువు దాదాపు ముప్పావు కిలో. కాలితే వచ్చే కార్బన్ డయాక్సైడ్ 2.3 కిలోలు. ముప్పావు కిలోలోంచి రెండు కిలోల పైన ఎలా వస్తుందని నవ్వుతారు. పెట్రోలులోని ఒక్కో కార్బన్ పరమాణువు కాలేటప్పుడు గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువులను తగిలించుకుంటుంది. పెరిగిన బరువంతా ఆ ఆక్సిజన్‌దే. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపమనేది అందుకే.

[దృశ్యం: సింహాద్రి ప్లాంటు పొగగొట్టాలు]

బాబాయ్ మాటలో కొంత న్యాయం ఉంది. పరవాడ దగ్గరి ఈ బొగ్గు ప్లాంటు సామర్థ్యం 2000 మెగావాట్లు. దీని రిజర్వాయర్ మీదే 2021లో తేలే సోలార్ పలకలు వేశారు, అవి 25 మెగావాట్లు. ఈ తేడాని మన ఇంటి స్విచ్చులు పూడ్చలేవు, ప్రభుత్వాలు పూడ్చాలి. అయితే ఆ బొగ్గు కాలుతున్నది మన ఫ్యాన్ల కోసం కూడా.

[దగ్గరి షాట్: తిరుగుతున్న పాత సీలింగ్ ఫ్యాన్]

పాత ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 30 చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే ఏడాదికి దాదాపు 200 యూనిట్లు మిగులు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సగటున 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే, 140 కిలోలు. బిల్లు తగ్గడం వేరే లాభం, బాబాయ్‌కి ముందు ఆ మాటే చెప్పండి.

అన్నీ ఒకేసారి మార్చే స్తోమత లేకపోతే పడకగది ఫ్యాన్‌తో మొదలుపెట్టండి. చుట్టాలొస్తేనే తిరిగే ముందుగది ఫ్యాన్‌ని అలాగే ఉండనివ్వండి.