అవే నోట్లు మూడు రోజులు మా ఊళ్లోనే తిరిగేవి

వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న అక్కలకు, అన్నలకు దండాలు. పేర్లన్నీ చదివే టైం లేదు, మన్నించాలి.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. దాని గుర్తుగానే 2015 నుంచి ఈ తారీఖున చేనేత దినోత్సవం చేసుకుంటున్నాం. మన ఊరి వ్యాపారాల వల్ల లాభమేంటో చెప్పమని నన్ను పిలిచారు. లెక్కలు రాసుకొచ్చాను. కానీ ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది పుట్టపాక పక్క ఊరు. నాయన మగ్గం నేసేవాడు, అమ్మ ఆసు పోసేది, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో అటూ ఇటూ తిప్పి చుట్టేది. పొద్దంతా పోసీ పోసీ రాత్రికి భుజం లేచేది కాదు. వాళ్లమ్మ పడే ఈ బాధ చూసే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మా అమ్మ రోజుల్లో అది లేదు.

చీరల పైసలు చేతికొచ్చిన రోజు నాయన ఇంటికి రాకముందే కిరాణా దుకాణంలో ఉద్దెర కట్టేవాడు. షావుకారు ఆ సాయంత్రమే పాలామెకు బాకీ తీర్చేవాడు. ఆమె మర్నాడు బిడ్డ పెండ్లి చీరకు మా నాయనకే బయానా ఇచ్చేది. అవే నోట్లు! తర్వాత డిగ్రీలో చదివిన అర్థశాస్త్రం నాకు తలకెక్కింది ఆ ఉద్దెర పుస్తకం వల్లే.

పోయినేడు నా బిడ్డ పెండ్లికి మావాళ్లు పట్నంలో ఒక పెద్ద షోరూం నుంచి పోచంపల్లి చీరలని తెచ్చారు. తిరగేసి చూస్తే వెనక రంగు వెలవెలబోయి ఉంది. మిల్లులో అచ్చు కొట్టిన గుడ్డ! పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెల్లాలి. అయినా మగ్గమున్న ఇంట్లో పుట్టినవాడి గడపకే నకిలీ వచ్చింది. ఇప్పటికీ కడుపు మండుతుంది.

మన ఇక్కత్ చీరలో నేతకు ముందే నూలుకు రంగెక్కుతుంది. రంగు అంటకూడని చోట నూలును సైకిల్ ట్యూబు పీలికలతో బిగించి చిటికి కట్టేవాళ్లు, రంగు ముంచేవాళ్లు, ఆసు పోసేవాళ్లు, నేసేవాళ్లు, ఆ ట్యూబు కోసిచ్చే పిల్లగాడు కూడా. ఒక్క చీర ధర ఇంతమందికి పంపకమవుతుంది. వాళ్లంతా మన దుకాణాల్లోనే ఉప్పూ పప్పూ కొంటారు. అచ్చుగుడ్డ పైసలు ఆ రాత్రే ఊరు దాటుతాయి.

అక్కా, స్తంభం దగ్గర నిలబడ్డ అక్కా! మీ కొంగు ఒక్కసారి తిప్పి చూడండి. రెండు దిక్కులా రంగు ఒక్కతీరుగా ఉందా? పువ్వు అంచు కొంచెం చెదిరినట్టుందా? అయితే అది చిటికి కట్టిందే. అందరూ చూసుకోండి, ఇప్పుడే.

లెక్కల కాగితం జేబులోనే ఉండనీయండి. బయట మూడో బల్ల మీద తేలియా రుమాళ్లు, అదే నూనెలో నానబెట్టిన నూలుతో నేసిన గుడ్డలు, పెట్టుకున్న పెద్దాయనకు పొద్దటి నుంచి బోణీ కాలేదు. నేను అక్కడికే పోతున్నాను, మీరూ రండి.