కార్తీకమాసపు తిరునాళ్ళు

శ్రోతలకు నమస్కారం.

కార్తీకమాసం చివరి సోమవారం వస్తోందంటే బెంగళూరు తెలుగువాళ్ళ కాళ్ళు బసవనగుడి వైపు లాగుతాయి. దొడ్డ బసవన్న గుడి దగ్గర కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర, జరిగే రోజులవి. రోడ్డుకు రెండు పక్కలా గోనెపట్టాల మీద శెనక్కాయలు గుట్టలు పోసి ఉంటాయి. పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి. కోలారు, చింతామణి రైతులతో పాటు మన సీమవాళ్ళూ, తమిళనాడువాళ్ళూ వస్తారు. బేరం కన్నడంలో మొదలై ఎప్పుడో తెలుగులోకి దిగిపోతుంది. పూర్వం ఇక్కడి చేలల్లో ఒక ఎద్దు పడి పంటంతా మేసేదట. తొలి పంట నీకే పెడతామని రైతులు బసవన్నకు మొక్కుకున్నారట.

తొలి పంట దేవుడికి, మిగతాది సంతకు. మన దేశంలో ఎన్నో జాతరల వెనక ఈ లెక్కే కనిపిస్తుంది. వానలు వెనకబట్టి, బాటలు ఆరి, రైతు నాలుగూళ్ళు తిరగగలిగే కాలం కార్తీకం. బీహార్‌లో గంగ, గండకి కలిసే చోట సోనేపూర్ పశువుల సంత, రాజస్థాన్‌లో పుష్కర్ ఒంటెల సంత, రెండూ కార్తీక పౌర్ణమి చుట్టూనే సాగుతాయి. గురునానక్ జయంతీ ఆ పౌర్ణమే. ఆ రోజు మన హలసూరు చెరువు పక్క గురుద్వారాకు వెళ్ళి చూడండి, ఎవరొచ్చినా పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెడతారు.

ఒడిశావాళ్ళు ఆ తెల్లవారుజామునే అరటి దొప్పలతో చిన్న పడవలు చేసి, దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు. బాలి, జావాలకు ఓడలెక్కిన పాతకాలపు వర్తకులను తలచుకోవడం అది. ఈశాన్యపు గాలి తెరచాపలను నింపే రోజులు కదా! కటక్‌లో మహానది ఒడ్డున బాలిజాత్ర ఆ రోజే మొదలవుతుంది. పోలిపాడ్యమికి అరటిదొప్పలో దీపం వదిలే మన ఇళ్ళవాళ్ళకు ఆ దృశ్యం కొత్తగా ఉండదు.

నన్ను అన్నిటికన్నా కదిలించేది అస్సాంలోని కాతి బిహు. అది అక్టోబరు నడుమ వస్తుంది. అప్పటికి గాదెలు ఖాళీ, వరి ఇంకా పొలంలోనే ఉంటుంది. విందూ వినోదమూ ఏమీ ఉండవు. తులసి దగ్గర ఒక దీపం, పంట చేలో ఒక దీపం పెట్టి, గింజ బాగా పాలు పోసుకోవాలని వేడుకుంటారు. చేతిలో ఏమీ లేనప్పుడు కూడా పండగ చేసుకునే మనుషులంటే నాకు ఎంతో గౌరవం.

ఈసారి పరిషెకు వెళ్ళేటప్పుడు ఒక గుడ్డసంచి వెంట తీసుకెళ్ళండి. వీలైతే, పొలం నుంచి నేరుగా కాయ తెచ్చి గోనెపట్టా పరిచిన రైతు దగ్గరే కొనండి. అక్కడ మరీ గీచి బేరం చేయకండి.