కరవు పటంలో కనిపించని పిల్లలు

అధ్యక్షులకు, పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం. సమయం తక్కువ కనుక మర్యాదలు ఇంతటితో చాలిస్తాను.

కరవు పిల్లల ఎదుగుదలను ఎంత దెబ్బతీస్తుందో ఉపగ్రహ లెక్కలతో తేల్చే పని జరిగే తీరు మీలో చాలామందికి తెలుసు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎత్తు, బరువు కొలిచిన పిల్లల వివరాలకు వారి ప్రాంతపు అక్షాంశ రేఖాంశాలను జోడించి, 1981 నుంచి దొరుకుతున్న ఉపగ్రహ వర్షపాత అంచనాలతో సరిచూస్తే, బిడ్డ కడుపులో ఉన్న నెలల్లో ఆ చుట్టుపక్కల వాన పడిందో లేదో తెలుస్తుంది. 2019-21 సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఇందులో కరవు వాటా ఎంతో తేల్చడానికి ఈ పద్ధతి అక్కరకొస్తుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. కుటుంబాల గోప్యత కోసం సర్వేవారు గ్రామాల స్థానాన్ని 5 కిలోమీటర్ల దాకా, కొద్ది గ్రామాలకు 10 దాకా జరిపి ఇస్తారు. అది న్యాయమే. ఉపగ్రహ వర్షపాత పటంలో ఒక్కో గడి వెడల్పు కూడా దాదాపు 5 కిలోమీటర్లే కనుక వాన లెక్క అంతగా చెడదు. బిడ్డకు తగిలిన ఎండను కూడా ఇలాగే లెక్కగడితే అలా కాదు, స్థానం జరిగితే చెరువు కింది ఊరు గుట్ట కింది ఊరవుతుంది. పైగా ఉపగ్రహం కొలిచేది నేల వేడిని, కప్పు వేడిని. రేకుల కింద ఉయ్యాలలో ఉన్న బిడ్డకు తగిలే వేడిని కాదు.

ఇవన్నీ సర్దుకోగల చిక్కులే. నా బాధ వేరు. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే వాన పడే అనంతపురం ప్రాంతంలో, వేరుశనగ ఎండిపోయిన ఒక ఏడాది, ఒక అంగన్‌వాడీ కేంద్రానికి వెళ్లాను. తూకాల రిజిస్టరులో తక్కువ బరువు పిల్లల సంఖ్య అంతకు ముందటి కంటే తగ్గి ఉంది. కారణమేమిటని అడిగితే టీచరమ్మ పేజీ అంచున పెన్సిలుతో రాసుకున్న మాటలు చూపింది: బెంగళూరు, బెంగళూరు, కేరళ, మళ్లీ బెంగళూరు. “పనికి పొయినోళ్ల పిల్లోళ్లు సార్. బక్క పిల్లోళ్లే ముందు పొయినారు” అంది.

ఆలోచించండి. చేతిలో చిల్లిగవ్వ లేని ఇల్లే ముందు తాళం పడుతుంది. తాళం పడిన ఇంట్లో సర్వే జరగదు. కరవు ముదిరినకొద్దీ మిగిలిన పిల్లల సగటు మెరుగ్గా కనిపిస్తుంది. వెళ్లిన బిడ్డను బెంగళూరులో కట్టడం పక్కనున్న గుడిసెలో ఎవరైనా కొలిచినా, ఆ ఎత్తు పక్కన చేరేది బెంగళూరు వాన! అనంతపురం కరవు చేసిన నష్టం రెండు చోట్లా లెక్కకు రాదు.

మండలాలవారీగా, నెలవారీగా తూకాల లెక్కలు ఇమ్మని ఒక కార్యాలయాన్ని ఎన్నోసార్లు అడిగాను. చివరికి జిల్లా అంతటికీ ఏడాదికొక అంకె చొప్పున పంపారు. వాన తప్పేది జూలైలోనో ఆగస్టులోనో అయితే ఏడాది అంకెతో ఏం తేల్చగలం? టీచరమ్మ పెన్సిలు రాతకు ఆ పట్టికలో గడే లేదు.

విద్యార్థులారా, పిల్లల పేర్లు మనకు అక్కరలేదు. ఏ నెలలో వెళ్లారు, ఎటు వెళ్లారు అన్న రెండు గడులు మండల స్థాయిలో ఇస్తే చాలు. మీ పరిశోధనకు అవి ఇమ్మని అడగండి, నాతో కలిసి అడగండి. అవి దొరికేదాకా, వలస ఎంతో తెలియని మండలానికి మీ పటంలో ‘ఇక్కడ బాగుంది’ అనే ఆకుపచ్చ రంగు వేయకండి.