తెరవకముందే తెలిసిపోవాలి: షేర్‌పాయింట్ ఇంట్రానెట్‌లో సెర్చ్ రిజల్ట్స్ మార్చుకోవడం

[తెరపై: ఒక కంపెనీ ఇంట్రానెట్ హోమ్ పేజీ. సెర్చ్ బాక్సులో "లీవ్ పాలసీ" అని టైప్ అవుతోంది.]

నమస్తే. ఇది ఒక కంపెనీ ఇంట్రానెట్, అంటే ఉద్యోగులు మాత్రమే చూసే లోపలి వెబ్‌సైట్. ఇందులో ఈ సెర్చ్ ఒకసారి చూడండి. లీవ్ పాలసీ అని కొట్టగానే మూడు ఫైళ్లు వచ్చాయి. "లీవ్ పాలసీ ఫైనల్", "లీవ్ పాలసీ ఫైనల్ 2", "లీవ్ పాలసీ కొత్తది". మూడింటి పక్కనా అదే వర్డ్ బొమ్మ, కింద రెండు లైన్ల మేటర్. వీటిలో ఇప్పుడు అమల్లో ఉన్నది ఏది? తెరిచి చూస్తే తప్ప చెప్పలేం. ఒక్కోసారి తెరిచినా చెప్పలేం.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో సరిగ్గా ఇలాగే అయింది. కొత్తగా చేరిన అమ్మాయి పాత పాలసీ తెరిచి, అందులోని రోజుల లెక్క చూసుకుని, వాళ్ల అక్క పెళ్లికి రైలు టికెట్లు బుక్ చేసుకుంది. తీరా సెలవు పెట్టబోతే అన్ని రోజులు లేవని తేలింది. "మన సైట్లో పైన వచ్చిందే చూశానండీ" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. సరైన ఫైలు కూడా అదే పేజీలో మూడో వరసలో ఉంది. అది సరైనదని చెప్పే గుర్తు ఒక్కటీ తెర మీద లేదు, అంతే. ఇంట్రానెట్ సెర్చ్ పనిని నేను అంత సీరియస్‌గా తీసుకోవడం అప్పటినుంచే మొదలైంది.

[తెరపై: షేర్‌పాయింట్ లైబ్రరీ, కాలమ్స్ కనిపిస్తూ.]

కంపెనీ సైట్లు, ఫైళ్లు పెట్టుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ షేర్‌పాయింట్. మనం దాని ఆన్‌లైన్ రూపం, షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో చేసి చూద్దాం. పాత షేర్‌పాయింట్ 2010లో రిజల్ట్స్ రూపం మార్చాలంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే కోడ్ రాయాల్సి వచ్చేది. 2013లో హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్‌తో డిస్‌ప్లే టెంప్లేట్లు, అంటే ఒక్కో రిజల్ట్ ఎలా కనిపించాలో చెప్పే నమూనాలు వచ్చాయి. ఇప్పటి మోడర్న్ పేజీల్లో అవి పనిచేయవు. అందుకని చాలామంది పీఎన్‌పీ మోడర్న్ సెర్చ్ అనే ఉచిత వెబ్ పార్టులు, అంటే పేజీలో అమర్చుకునే రెడీమేడ్ ముక్కలు వాడుతున్నారు. ఇది ఓపెన్ సోర్స్. మైక్రోసాఫ్ట్ 365 కమ్యూనిటీ వాళ్లు నడిపేది. దీనికి మైక్రోసాఫ్ట్ నుంచి అధికారిక సపోర్ట్ ఉండదు, ఆ సంగతి మీ ఐటీ టీమ్‌కి ముందే చెప్పండి. గిట్‌హబ్ నుంచి ప్యాకేజీ దించి, అడ్మిన్ దాన్ని కంపెనీ యాప్‌లు ఉంచే యాప్ క్యాటలాగ్‌లో పెడితే చాలు.

కానీ వెబ్ పార్ట్ జోలికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. వెతికే మనిషి ఫైలు తెరవకముందు ఏం తెలుసుకోవాలో రాయండి. పాలసీ అయితే నా లెక్కలో మూడే: ఎప్పటి నుంచి అమలు, ఏ డిపార్ట్‌మెంట్ ఇచ్చింది, ఇప్పటికీ చెల్లుతుందా లేదా. ఫైలు సైజు, చివరిసారి ముట్టుకున్నవాళ్ల పేరు లాంటివి ఆ చిన్న జాగాలో అనవసరం.

"మాడిఫైడ్" తేదీ ఉంది కదా, అది చూపిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. రెండేళ్ల కిందటి పాలసీలో ఎవరో ఒక అక్షరదోషం దిద్దితే అది ఈరోజు తేదీతో కనిపిస్తుంది. చూసేవాళ్లు అదే కొత్తదనుకుంటారు. అందుకే లైబ్రరీలో, అంటే ఫైళ్లు ఉంచే చోట, "అమలు తేదీ", "డిపార్ట్‌మెంట్", "స్థితి" అని మూడు కాలమ్స్ విడిగా పెట్టి నింపాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. కాలమ్ ఖాళీగా ఉంటే ఎంత అందమైన లేఅవుట్ పెట్టినా అక్కడ ఖాళీయే కనిపిస్తుంది.

[తెరపై: సెర్చ్ స్కీమా పేజీ. రిఫైనబుల్‌డేట్00 మీద గుండ్రంగా గీత.]

ఇప్పుడు చాలామంది ఇరుక్కునే చోటు. కాలమ్ పెట్టినంత మాత్రాన సెర్చ్ పేజీలో దాన్ని వాడుకోలేం. షేర్‌పాయింట్ ఫైళ్లను చదివినప్పుడు ప్రతి కాలమ్‌నీ ఒక క్రాల్డ్ ప్రాపర్టీగా రాసుకుంటుంది. ఈ సెర్చ్ స్కీమా పేజీలో దాన్ని ఒక మేనేజ్డ్ ప్రాపర్టీకి, అంటే సెర్చ్ వాడుకోగలిగే పేరుకి, కలిపితేనే చూపించడానికి, ఫిల్టర్ చేయడానికి, వరసలో పెట్టడానికి వీలవుతుంది. ఆన్‌లైన్‌లో ఫిల్టర్‌కి పనికొచ్చే ప్రాపర్టీని మనం కొత్తగా తయారు చేయలేం. మైక్రోసాఫ్ట్ ముందే ఖాళీగా పెట్టి ఉంచినవి తీసుకోవాలి. తేదీకి రిఫైనబుల్‌డేట్00, మాటలకి రిఫైనబుల్‌స్ట్రింగ్00, 01 అలా. ఏ నంబరు దేనికి వాడారో ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత ఆ 01 ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

కలిపాక లైబ్రరీ సెట్టింగ్స్‌లో, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌కి వెళ్లి రీఇండెక్స్ నొక్కండి, ఫైళ్లన్నీ మళ్లీ చదవమని సెర్చ్‌కి చెప్పడం అది. వెంటనే రాకపోతే టెన్షన్ పడొద్దు. అది తన వంతు వచ్చినప్పుడే చదువుతుంది. అన్నట్టు, కనీసం ఒక ఫైలుకైనా ఆ కాలమ్‌లో విలువ ఉండి, సెర్చ్ దాన్ని చదివాకే స్కీమాలో క్రాల్డ్ ప్రాపర్టీ కనిపిస్తుంది.

[తెరపై: పేజీ ఎడిట్ మోడ్‌లో సెర్చ్ రిజల్ట్స్ వెబ్ పార్ట్.]

ఇక పేజీ. వెబ్ పార్ట్ పెట్టి, సెలెక్టెడ్ ప్రాపర్టీస్‌లో మనం కలిపిన మూడింటినీ చేర్చండి. లేఅవుట్ ముందుగా "డీబగ్" ఎంచుకోండి. సెర్చ్ నుంచి ఏమేం వస్తోందో పచ్చిగా కనిపిస్తుంది. అక్కడ అమలు తేదీ వస్తోందని కళ్లతో చూశాకే ముందుకెళ్లండి. లేకపోతే తప్పు టెంప్లేట్‌లో ఉందో డేటాలో ఉందో తెలియక గంటలు పోతాయి. తర్వాత "డిటెయిల్స్ లిస్ట్"కి మారండి. పాలసీలకు వరసలు, కాలమ్స్ ఉన్న ఈ రూపమే నాకు నచ్చుతుంది. ఫొటోలకు కార్డులు బాగుంటాయి, మనుషులకు పీపుల్ లేఅవుట్.

తేదీ దగ్గర ఒక్క క్షణం ఆగండి. పాలసీ ఏప్రిల్ 1 నుంచి అమలు అని మీరు నింపారు. రిజల్ట్‌లో మార్చి 31 అని రావచ్చు. కంగారు పడకండి. సెర్చ్ తేదీలను యూటీసీలో, అంటే ప్రపంచమంతా లెక్కకు వాడే ప్రామాణిక సమయంలో ఇస్తుంది. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. మన ఏప్రిల్ 1 అర్ధరాత్రి అంటే అక్కడ మార్చి 31 సాయంత్రం 6:30. లోకల్ టైమ్‌లోకి మార్చి చూపించమని టెంప్లేట్‌కి చెప్పాలి. ఒక్క రోజే కదా అని వదిలేయకండి, ఆర్థిక సంవత్సరం మొదలయ్యేది ఏప్రిల్ 1నే.

స్థితిని ఒక చిన్న ముద్రలా చూపించండి. ఈ టెంప్లేట్లు రాసే భాష హ్యాండిల్‌బార్స్‌లో ఒక షరతు రాస్తే చాలు. "అమల్లో ఉంది" అయితే ఆకుపచ్చ, "రద్దయింది" అయితే బూడిద రంగు. రంగు ఒక్కటే పెట్టకుండా మాట కూడా రాయండి, అందరికీ రంగులు ఒకేలా కనిపించవు. ఫ్యాక్టరీలో షిఫ్ట్ వాళ్లు కూడా వాడే ఇంట్రానెట్ అయితే ఆ మాట తెలుగులోనే ఉంచండి. టెంప్లేట్ రాసేది మనమే.

[తెరపై: ఒక ఉద్యోగి ఫోన్‌లో అదే పేజీ.]

లేఅవుట్‌లో ఒక కాలమ్ తీసేస్తే ఆ సమాచారం దాగిపోయినట్టు అనుకోకండి. సెలెక్టెడ్ ప్రాపర్టీస్‌లో ఉన్నంతవరకూ అది బ్రౌజర్‌కి వస్తూనే ఉంటుంది. ఎవరు ఏది చూడాలన్నది లైబ్రరీ పర్మిషన్లలోనే తేలాలి. అనుమతి లేని ఫైలుని సెర్చ్ ఎలాగూ చూపించదు.

చివరిగా ఆ పాత రెండు ఫైళ్లు. వాటిని డిలీట్ చేయొద్దు, ఆడిట్ వాళ్లు అడుగుతారు. ప్రతి సెర్చ్‌కీ మన షరతులు కలిపే క్వెరీ టెంప్లేట్‌లో "స్థితి: అమల్లో ఉంది" అన్న షరతు కలిపేయండి. పాతవి కావాల్సినవాళ్ల కోసం వర్టికల్స్ వెబ్ పార్ట్‌తో "పాత పాలసీలు" అని పక్కన ఇంకో ట్యాబ్ ఇవ్వండి.

[తెరపై: మళ్లీ "లీవ్ పాలసీ" సెర్చ్. ఒకే ఒక వరస. హెచ్‌ఆర్, ఏప్రిల్ 1, ఆకుపచ్చ ముద్రలో "అమల్లో ఉంది".]